2 టీబీ డిస్క్‌లో ఎన్ని ఫొటోలు పడతాయి? సున్నాలు లెక్కపెట్టకుండా భాగహారం

[స్క్రీన్ మీద: 2000000000000 ÷ 4000000]

హాయ్ అండీ, ఈ లెక్క చూడండి. 2 టెరాబైట్ల (2 పక్కన 12 సున్నాలు, అన్ని బైట్లు) హార్డ్ డిస్క్ ఉంది, ఒక్కో ఫొటో 4 ఎంబీ (4 పక్కన 6 సున్నాలు, అన్ని బైట్లు), మరి మొత్తం ఎన్ని పడతాయి? ఫోన్‌లో కొట్టేద్దాం అనుకుంటాం గానీ ఇన్ని సున్నాలు కొట్టేటప్పుడు ఒక్కటి అటూ ఇటూ అయిందంటే ఆన్సర్ పది రెట్లు మారిపోతుంది, పైగా మారిందని మనకి తెలీదు కూడా.

[స్క్రీన్ మీద: (2 × 10¹²) ÷ (4 × 10⁶)]

ఇలా సైంటిఫిక్ నొటేషన్‌లో, అంటే ముందు ఒక చిన్న నంబర్, పక్కన 10 పవర్‌గా రాసుకుంటే సగం తలనొప్పి పోయినట్టే. ముందు నంబర్లు చూడండి, 2 బై 4 అంటే 0.5. పవర్లని (10 పైన ఉన్న చిన్న అంకెల్ని) మాత్రం భాగించకూడదు, తీసేయాలి, 12లోంచి 6 పోతే 6. చాలామంది ఇక్కడ 12 బై 6, రెండు అని రాసేస్తారు, మార్కులు పోయేది అక్కడే. పైన పన్నెండు పదులు వరసగా గుణించి ఉన్నాయి, కింద ఆరు ఉన్నాయి, ఆరుకి ఆరు కొట్టేస్తే పైన ఆరే కదా మిగిలేది!

అంటే 0.5 × 10⁶. విలువ కరెక్టే గానీ ముందు నంబర్ 1 కంటే తగ్గకూడదని రూల్, అందుకే పాయింట్‌ని ఒక చోటు కుడికి జరిపి 5 చేసి, పవర్‌లో ఒకటి తగ్గిస్తాం. 5 × 10⁵, అంటే ఐదు లక్షల ఫొటోలు.

[స్క్రీన్ మీద: (5 × 10⁻²) ÷ (5 × 10²)]

ఇప్పుడు మైనస్‌ల సంగతి. 500 కాగితాల కట్ట 5 సెంటీమీటర్ల (5 × 10⁻² మీటర్లు) మందం ఉందనుకోండి, ఒక్క కాగితాన్ని స్కేల్ పెట్టి ఏం కొలుస్తాం, భాగించడమే. 5 బై 5 ఒకటి, మైనస్ 2లోంచి ఇంకో 2 తీస్తే మైనస్ 4, సున్నా కాదండోయ్. 10⁻⁴ మీటర్లు, అంటే 0.1 మిల్లీమీటర్.

కింద మైనస్ ఉంటే? ఎర్ర రక్తకణం వెడల్పు సుమారు 8 × 10⁻⁶ మీటర్లు, ఒక సెంటీమీటర్ (1 × 10⁻² మీటర్లు) పొడవునా ఎన్ని పడతాయి? 1 బై 8 అంటే 0.125, మైనస్ 2 మైనస్ ఆఫ్ మైనస్ 6, ప్లస్ 4 అయిపోతుంది. పాయింట్ సర్దితే 1.25 × 10³, 1250 కణాలు.

సైంటిఫిక్ కాల్క్యులేటర్ వాడేవాళ్లకి ఒక్క మాట, బ్రాకెట్లు పెట్టకుండా మొదటి లెక్క కొట్టి చూడండి, 5 × 10¹⁷ వస్తుంది, ఎందుకంటే అది 4తో భాగించేసి 10⁶తో మళ్లీ గుణించేస్తుంది, కాబట్టి కింది నంబర్ మొత్తానికి బ్రాకెట్ పెట్టాల్సిందే.