రోజుకొకటి అంటే చాలదు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, గోదావరి గట్టు మీద నాతోపాటు రోజూ నడిచే మిత్రులకు, పొద్దున్నే పనులు వదులుకుని వచ్చిన ఆడవాళ్లకు నమస్కారం. శాలువా ముందే కప్పేశారు. ఇక నేనెంతసేపు మాట్లాడినా మీరేం చెయ్యలేరు.

ఇవాళ నవంబరు 14. మనకు పిల్లల పండగ. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు కూడా ఇదే, అందుకే డయాబెటిస్ దినం. రావలసిన డాక్టరుగారికి అర్జంటు కేసు తగిలిందట. మందులషాపు కౌంటరు వెనక 34 ఏళ్లు నిలబడ్డవాడినని నన్ను లేపారు. నేను డాక్టర్ని కాను. ఏ మందూ మానమని గానీ మార్చమని గానీ చెప్పను. షుగరు బిళ్లలకీ ఒంటి బరువుకీ ఉన్న లంకె గురించి నాలుగు పాయింట్లు రాసుకొచ్చాను, అంతే.

మొదటిది మెట్‌ఫార్మిన్. 1957లో ఫ్రాన్సులో స్టెర్న్ అనే డాక్టరు దీన్ని షుగరు రోగులకు వాడి ఫలితాలు ప్రకటించాడు. కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరను ఇది తగ్గిస్తుంది. బరువు పెంచదు, కొందరికి కాస్త తగ్గిస్తుంది కూడా. అన్నంతో వేసుకోకపోతే కడుపులో గడబిడ. ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బీ12 విటమిను తగ్గొచ్చు. అరికాళ్లు తిమ్మిరెక్కితే అదంతా షుగరే అనుకోకుండా బీ12 పరీక్ష గురించి కూడా డాక్టర్ని అడగండి.

రెండోది గ్లిమెపిరైడ్. ఈ పేరు పలికితే నాకు మా మేనత్త గుర్తొస్తుంది.

కార్తీక సోమవారం. తెల్లవారుజామునే గోదావరి స్నానం, నక్షత్రం కనబడేదాకా ఉపవాసం. అంతకు వారం ముందే ఆవిడ బిళ్లలు నా షాపులో తీసుకుంది. స్ట్రిప్పు మీద పెన్నుతో ఒక గీత గీసి, 'రోజుకొకటి అత్తా, పొద్దున్నే, మానకూడదు' అన్నాను. వెనక నలుగురు చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అంతకంటే ఏం చెబుతాను? అంతకంటే చెప్పాలని ఆ రోజుల్లో నాకు తోచను కూడా లేదు.

పదకొండు గంటలకి తులసికోట దగ్గర కూలబడింది. చీర చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మాట ముద్దగా వస్తోంది. అందరూ పక్షవాతం అనుకున్నారు. నేను మీటరు పట్టుకుని పరిగెత్తి వేలికొస గుచ్చి చూస్తే షుగరు 41కి పడిపోయి ఉంది! పంచదార నీళ్లు నోటి దగ్గర పెడితే పళ్లు బిగబట్టింది, వ్రతభంగమని. 'తీర్థం అత్తా, శివాలయంలోది' అని అబద్ధమాడి తాగించాను. పావుగంటకి తేరుకుని నా మొహంలోకి చూసి, 'నువ్వే కదురా మానకూడదన్నావు' అంది.

ఆ బిళ్ల ప్రభావం చాలాసేపు ఉంటుందని ఆ రాత్రి ఆస్పత్రిలో ఉంచారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.

అది చెడ్డమందు కాదు. చవక, షుగరు బాగా దించుతుంది. కానీ క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది, మీరు తిన్నారా లేదా అన్నది దానికి పట్టదు. తిథివారాలు అసలే పట్టవు. పైగా లో షుగర్ భయంతో మనిషి ఏదో ఒకటి నములుతూనే ఉంటాడు. 'షుగరు మాత్రలు వేసుకుంటే సన్నబడతారటగా' అని అడుగుతారు. ఏ మాత్ర? దీనితో బరువు పెరుగుతారు!

మొన్న సోమవారం ఉపవాసం ఉన్నవాళ్లు చేతులెత్తండి. సరే. వాళ్లలో షుగరు బిళ్ల వేసుకునేవాళ్లు చెయ్యి దించకండి. ఉపవాసం రోజు బిళ్ల సంగతేమిటని డాక్టర్ని అడిగినవాళ్లు మాత్రం దించండి. అయ్యో, ఒక్కరే దించారమ్మా!

మూడోది డాపాగ్లిఫ్లోజిన్. చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపేస్తుంది, రెండు మూడు కిలోలు తగ్గొచ్చు. మర్మాంగాల దగ్గర దురద వస్తే సిగ్గుపడి దాచుకోకండి. 2020 చివర్లో రకరకాల కంపెనీలవి వచ్చి రేటు దిగిపోతే, 'ఇంత చవకేంటి, డూప్లికేటా?' అని నాతో పోట్లాడినాయన ఇక్కడే మూడో వరసలో ఉన్నారు. దీనికీ ఉపవాసానికీ పడదు, అది వేరే రకం ప్రమాదం. అదీ అడగాలి.

నాలుగోది ఇప్పుడందరూ అడిగేది, సెమాగ్లూటైడ్. నేను చెప్పేది దాని సూదిమందు గురించి కాదు, 2022లో మన దేశానికొచ్చిన బిళ్ల గురించి. ఆకలి తగ్గిస్తుంది, పొట్ట నిదానంగా ఖాళీ అవుతుంది. మొదట్లో వికారం మామూలే. 14 మిల్లీగ్రాముల బిళ్లతో ట్రయల్స్‌లో ఆరునెలలకు తగ్గింది సగటున 4 కిలోలు, ఫోన్లో వీడియోలు చెప్పే ఇరవై కాదు. మింగినదాంట్లో రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు. అందుకే పరగడుపున, అరగ్లాసుకి మించని నీళ్లతో వేసుకుని, అరగంట ఏమీ ముట్టకూడదు. గోదావరి జిల్లాల్లో నిద్ర లేచాక అరగంట కాఫీ లేకుండా ఎవరుండగలరు? నాకు తెలిసిన ఒకాయన వేలు పోసి కొన్న బిళ్లను రెండు నెలలు కాఫీతోనే మింగాడు. తగ్గింది పర్సు బరువు. తప్పు ఆయనదా? 'రోజుకొకటి' అని చెప్పి పంపిన నాలాంటివాడిదా?

ఉప్మా చల్లారిపోతోందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. మెట్‌ఫార్మిన్ వాళ్లు ప్లేటు చేతికొచ్చాకే వేసుకోండి. పరగడుపు బిళ్ల మింగి అరగంట కానివాళ్లు కాఫీ డ్రమ్ము వైపు వెళ్లకండి. జేబులో స్ట్రిప్పులున్నవాళ్లు ఇటు రండి. వెనక ఉన్న పేరు మీరే పైకి చదవాలి, నా కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది.