చల్లదనం కావాలి, అదురు వద్దు
(ఒంగోలులో భౌతికశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రెండు అద్దాలు ఎదురెదురుగా నిలబెట్టి, వాటి మధ్య లేజర్ కాంతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పితే అది ఆప్టికల్ కేవిటీ. అద్దాల మధ్య దూరం ఎంత నిలకడగా ఉంటే లేజర్ పౌనఃపున్యం అంత నిలకడగా ఉంటుంది. అణు గడియారాలకూ, ఎన్నో క్వాంటం ప్రయోగాలకూ ఆధారం ఈ నిలకడే. జర్మనీ జాతీయ కొలతల సంస్థ పీటీబీ (PTB), అమెరికాలోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ జిలా (JILA) శాస్త్రవేత్తలు 2017లో 21 సెంటీమీటర్ల సిలికాన్ కేవిటీతో సాధించిన ఫలితాన్ని పొడవు లెక్కలోకి మారిస్తే, కేవిటీ పొడవులో మార్పు ప్రోటాన్ వ్యాసంలో దాదాపు రెండు వందల్లో ఒక వంతు.

ఇంత నిలకడకు చల్లదనం కావాలి. 124 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 149 డిగ్రీల దగ్గర, ఉష్ణోగ్రత కొద్దిగా అటూ ఇటూ అయినా సిలికాన్ పొడవు మారదు. ఇంకా చల్లబరిస్తే అద్దాల్లోని అణువుల సొంత కదలికా తగ్గుతుంది. అందుకే 4 కెల్విన్ దాకా వెళ్తున్నారు. చిక్కు అక్కడే మొదలవుతుంది: చల్లబరిచే యంత్రం అదురుతుంది, అదిరితే అద్దాల మధ్య దూరం మారుతుంది.

4 కెల్విన్‌కు ఇప్పుడు ఎక్కువగా వాడేది పల్స్ ట్యూబ్ కూలర్. దాని చల్లటి భాగంలో పిస్టన్ లేదు, కాబట్టి అదురు రాదనుకుంటారు. కానీ హీలియం ఒత్తిడి సెకనుకు సుమారు ఒకసారి పెరిగి తగ్గుతుంది, ఆ ప్రతి విడతకూ పలుచని స్టీలు గొట్టాలు మైక్రాన్ల మేర సాగి ముడుచుకుంటాయి. ప్రోటాన్‌లో వంతులు లెక్కపెట్టే చోట మైక్రాన్ అంటే కొండంత.

బరువైన బల్ల వేస్తే సరిపోదా అని మన జిల్లాలో ఎవరైనా అడుగుతారు. చీమకుర్తి రాయి మన పక్కనే ఉంది, గ్రానైట్ బల్లలు కొలతల ల్యాబుల్లో నిజంగానే వాడతారు. అయితే బరువు ఒక్కటే చాలదు, ఆ బరువు మెత్తని స్ప్రింగు మీద నిలవాలి. స్ప్రింగు తన సహజ పౌనఃపున్యం కంటే బాగా పైనున్న కంపాలనే ఆపగలదు, దాని దగ్గర్లోనివాటిని పెంచుతుంది కూడా. ఒక హెర్ట్జ్ స్ప్రింగు, అంటే సెకనుకు ఒకసారి ఊగేది, కావాలంటే బరువుకు అది 25 సెంటీమీటర్లు కుంగాలి. 0.1 హెర్ట్జ్ కావాలంటే 25 మీటర్లు! కూలర్ కొట్టుకునేది సరిగ్గా ఆ ఒక హెర్ట్జ్ దగ్గరే. బంగాళాఖాతం అలలు నేలలో పుట్టించే సన్నని అదురు అంతకంటే కింద, సుమారు 0.2 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, తుఫాను రోజుల్లో పెరుగుతుంది. ఏ ల్యాబులోనైనా ఈ కింది భాగమే ఏడిపిస్తుంది.

కాబట్టి అదురును ఆపడం కంటే దాని దారి తెంచడం మేలు. కూలర్‌ను వేరే ఫ్రేముకు బిగిస్తారు. కేవిటీ ఉన్న బల్లకూ దానికీ మధ్య గట్టి రాగి కడ్డీ బదులు సన్నని రాగి తీగల జడలు పెడతారు. జడ పొడవు పెంచితే అదురు తగ్గుతుంది, చలువా తగ్గుతుంది. 4 కెల్విన్ దగ్గర కూలర్ లాగగలిగేది సుమారు ఒక వాట్ వేడే కాబట్టి ఈ బేరం చాలా కష్టం. హీలియం ఒత్తిడిని పెంచి తగ్గించే రోటరీ వాల్వును కూలర్ తల నుంచి విడదీసి దూరంగా పెట్టేవారూ ఉన్నారు. 124 కెల్విన్ చాలనుకుంటే కూలరే అక్కర్లేదు. పీటీబీ వాళ్లు చల్లని నైట్రోజన్ వాయువును నెమ్మదిగా పంపారు. ద్రవ నైట్రోజన్‌ను కేవిటీ పక్కనే మరగనిస్తే ఆ బుడగలూ అదురే.

నాకు అన్నిటికన్నా నచ్చేది మరో మార్గం: అదిరినా పొడవు మారని కేవిటీ. దాన్ని నిలువుగా పెట్టి సరిగ్గా నడుము దగ్గర మూడు బిందువుల మీద ఆనిస్తే, పైకి కుదిపినప్పుడు పై సగం ఎంత కుంగుతుందో కింది సగం అంత సాగుతుంది. మొత్తం పొడవు అలాగే ఉంటుంది. ఒక g త్వరణానికి, అంటే భూమి గురుత్వ త్వరణమంత కుదుపుకు, పొడవు వెయ్యి కోట్లలో ఒక వంతు మారే కేవిటీ ఉందనుకోండి. 10 ఘాతం మైనస్ 16 స్థాయికి చేరాలంటే అదురును g లో పది లక్షల్లో ఒక వంతుకు పట్టి ఉంచాలి. కేవిటీ పదింతలు మొండిదైతే మనకు పదింతలు వెసులుబాటు. ఆనే బిందువు మిల్లీమీటరు తప్పినా ఈ లెక్క చెడుతుంది, కాబట్టి ఇది లేత్ మీదా మిల్లింగ్ మీదా చెయ్యి తిరిగినవాళ్ల పని కూడా.

2023లో కేంద్రం 6,003 కోట్లతో నేషనల్ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. అందులోకి వెళ్లాలనుకునేవాళ్లు కంపాలు కొలవడం నుంచే మొదలుపెట్టవచ్చు. ఫోన్‌లో ఫైఫాక్స్ (phyphox) అనే, ఫోన్ సెన్సర్లతో కొలిచే యాప్ వేసుకుని, కాలేజీ నీళ్ల మోటారు పక్క నేల మీద ఫోన్ పెట్టి స్పెక్ట్రమ్, అంటే ఏ పౌనఃపున్యంలో ఎంత కంపం ఉందో చూపే గీత, చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు ఇండక్షన్ మోటారు శిఖరం 50కి గానీ 25కి గానీ కొంచెం కిందుగా కనిపించాలి. తర్వాత నేల మీద స్పాంజి పెట్టి, దాని మీద ఓ బరువైన పలక వేసి, ఆ పలక మీద ఫోన్ పెట్టి మళ్లీ కొలవండి. ఆ శిఖరం ఎంత తగ్గిందో, పలక బరువు మారిస్తే ఏమైందో రాసుకుని నాకు పంపండి.