ఆయ్, బాగానే ఉందండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో పది అక్కడే అయిపోతాయి. అందరికీ కలిపి ఒకటే నమస్కారం, ఏమీ అనుకోకండి. గ్రంథాలయంవారు ‘నగరాల సర్వేలు – ప్రజల మాట’ అని అంశం ఇచ్చారు. లెక్కల మాస్టార్ని కాబట్టి అంకెలతోనే మొదలుపెడతాను.

2020 జనవరి నుంచి మార్చి దాకా కేంద్ర ప్రభుత్వం 111 నగరాల్లో జనాన్ని అడిగింది, మీ ఊళ్ళో బతుకు ఎలా ఉందని. 32 లక్షల మందికి పైగా జవాబిచ్చారు. నగరాలకు ఇచ్చిన మార్కుల్లో 30 శాతం ఈ జవాబులవే. మరుసటి ఏడాది ఫలితాలొచ్చాయి. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళలో సిమ్లా, భువనేశ్వర్, సిల్వాసా, ఆ తర్వాత మన కాకినాడే. చప్పట్లు కొట్టండి, తప్పులేదు. ఆరోజు నేనూ కొట్టాను. జనం అభిప్రాయం ఒక్కటే తీసి చూసినా మనం దేశంలో పైవరసలోనే ఉన్నాం.

అయితే నాకో అనుమానం. ఆ మార్కుల్లో ఊరి మంచితనం ఎంత, మన మర్యాద ఎంత?

1936లో అమెరికాలో ఒక వారపత్రిక, అధ్యక్ష ఎన్నికల్లో ఓటు రూజ్‌వెల్ట్‌కా ల్యాండన్‌కా అని అడుగుతూ కోటిమందికి కార్డులు పంపింది. వచ్చిన 24 లక్షల జవాబులు లెక్కపెట్టి ల్యాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కార్డులు ఎక్కువగా వెళ్ళింది ఫోనూ కారూ ఉన్న ఇళ్ళకి. అసలే మాంద్యం రోజులు, ఫోను ఎవరింట్లో ఉంటుంది చెప్పండి? మన దగ్గర ఆ ఇబ్బంది లేదు. ఏ ఇంటికెళ్ళినా తలుపు తీస్తారు, కుర్చీ వేస్తారు, మజ్జిగ ఇస్తారు. కష్టం మాత్రం చెప్పరు.

కాలేజీ రోజుల్లో సెలవులకి ఒక ఆఫీసువాళ్ళ సర్వేకి ఫారాలు నింపాను. ఫారానికి ఇంత అని కూలి. ఉప్పుటేరు పక్క పేటలో ఒక పెద్దావిడ. నీళ్ళొస్తున్నాయా అమ్మా? ఆయ్, వత్తున్నాయండి. మురుగు పోతోందా? ఆయ్, బాగానే ఉందండి. అన్నిటికీ అదే జవాబు. ఆ ‘బాగానే’లో ‘నే’ ఉంది చూశారూ, చెప్పాల్సిందంతా అందులోనే ఉంది. ఫారంలో దానికి గడి లేదు. ‘సంతృప్తికరం’ దగ్గర సిరాతో టిక్కు పెట్టాను.

పెన్ను జేబులో పెట్టుకుని లేచాక, “ఓసారి లోపలికి రండి బాబూ” అంది. నులకమంచం. ఒక్కో కోడు కింద మూడేసి ఇటుకలు. అడుగు ఇటుక నల్లగా నానిపోయి ఉంది, గోడ మీద అదే ఎత్తున నల్లటి చార. బియ్యం డబ్బా అటక మీద. “పోటూ వానా కలిసొచ్చాయంటే మురుగు సముద్రంలోకి పోదండి, మా ఇంట్లోకే వచ్చేత్తాది.”

మరి ఇందాక బాగానే ఉందన్నారే అంటే, “గుమ్మంలోకొచ్చినోళ్ళకి రాగానే మా గోల చెప్పుకుంటామేటండి?” అంది.

సాయంత్రం సూపర్‌వైజర్‌ని అడిగాను, ఆ టిక్కు మార్చొచ్చా అని. కొట్టివేతలుంటే ఫారం చెల్లదన్నాడు. చెల్లని ఫారానికి కూలి లేదు. నేను మార్చలేదు. నలభై ఏళ్ళయింది, ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మైకు దొరికింది కాబట్టి చెబుతున్నాను.

నిర్వాహకులు చీటీ పంపారు, టైమైపోయిందట. ఇంకా శాంపిలింగ్ గురించి నాలుగు కాగితాలు రాసుకొచ్చాను, పోనివ్వండి. ఒక్క ప్రశ్న అడిగి కూర్చుంటాను. ఈ వానాకాలంలో మంచం కింద ఇటుకలు పెట్టుకున్నవాళ్ళు చేతులెత్తండి. మొహమాటపడకండి, నా దగ్గర ఫారం లేదు, పెన్ను కూడా జేబులోనే ఉంది.

ఆ స్తంభం పక్కనున్న అమ్మా, మీరు సగం ఎత్తి దించేశారు. నేను చూశాను.