పదమూడో ప్రశ్నకు అందరిదీ ఒకే తప్పు

అందరికీ నమస్కారం.

ఇక్కడున్న వాళ్లలో చాలామంది క్లాసు పనిలో సగం వెబ్ టూల్స్‌తోనే నడుపుతున్నారు కాబట్టి గూగుల్ ఫామ్ ఎలా తయారుచేయాలో, పాఠాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో పెట్టుకునే మూడిల్‌లో కోర్సు ఎలా తెరవాలో నేను చెప్పబోవడం లేదు. పిల్లలు కాపీ కొట్టారని తెలిసినప్పుడు మనం ముందుగా వాళ్లను చూస్తాం. నేను మాత్రం మనం ఇచ్చిన ప్రశ్నను, దాన్ని పెట్టిన తీరును చూద్దామంటాను.

ఒకసారి ఆన్‌లైన్ క్విజ్ పెట్టాను. 20 ప్రశ్నలు. అందరికీ అవే, అదే వరుసలో, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 లోపు ఎప్పుడైనా రాయొచ్చు. తర్వాత జవాబులన్నీ షీట్‌లోకి దించుకుని చూస్తూ పదమూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. 12 వోల్టుల బ్యాటరీకి 2.5 ఓమ్‌ల రెసిస్టర్ కలిపితే కరెంటు ఎంత అని అడిగాను. 4.8 ఆంపియర్లు రావాలి. 31 మంది 48 అని రాశారు! ఒకరిద్దరు చుక్క పెట్టడం మర్చిపోయారంటే నమ్మొచ్చు, 31 మంది ఒకేలా ఎలా మర్చిపోతారు? పంపిన టైమ్ చూస్తే సంగతి తెలిసిపోయింది. 6:22కి మొదటి 48 వచ్చింది, ఆ తర్వాత వరసపెట్టి అదే. ఎవరో గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టారు, అది అందరి ఫోన్లకూ చేరింది.

చాలా కోపం వచ్చింది. మర్నాడు బాగా చదివే ఒకమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. "నేను చేస్తే 4.8 వచ్చింది మేడమ్, కానీ గ్రూపులో అందరూ 48 అంటున్నారు, నాదే తప్పేమో అనుకుని మార్చేశాను" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ పిల్లకు లెక్క వచ్చు, నా క్విజ్ వల్లే తన మీద తనకు నమ్మకం పోయింది.

ఆ తర్వాత నేను మార్చింది ఇదీ. మూడిల్‌లో క్యాలిక్యులేటెడ్ అని ఒక ప్రశ్న రకం ఉంది. అందులో వోల్టేజీ, రెసిస్టెన్స్ అంకెలు నేరుగా రాయకుండా వాటి స్థానంలో గుర్తులు పెట్టి, ఏ అంకె నుంచి ఏ అంకె దాకా ఉండాలో చెప్పి, జవాబుకు సూత్రం ఇస్తే చాలు, మూడిల్ తనే అంకెల జతలు తయారు చేసుకుని ఒక్కొక్కరికి ఒక్కో జత ఇస్తుంది. ఒకరికి 9, 1.5, ఇంకొకరికి 15, 4. జవాబులో కాస్త అటూ ఇటూ తేడా ఉన్నా ఒప్పుకోవాలా వద్దా అనేది కూడా పెట్టొచ్చు. ఇప్పుడు గ్రూపులో "నీకెంత వచ్చింది" అని అడిగి లాభం లేదు, "ఎలా చేశావు" అని అడగాలి. అలా అడిగితే నాకు అభ్యంతరం లేదు, నేర్చుకోవడమే కదా అది. అంకెలు లేని పాఠాలైతే క్వశ్చన్ బ్యాంకులో ఒక్కో అంశానికి ఐదారు ప్రశ్నలు వేసి, అందులోంచి ఒకటి వచ్చేలా పెట్టాలి. వరుస మాత్రమే మారిస్తే సరిపోదు, ప్రశ్నను స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్లకు అది ఎన్నో నంబరైతే ఏంటి?

ఇంకొక చిన్న సెట్టింగ్ ఉంది, చాలామంది చూడరు. క్విజ్ ఇంకా తెరిచి ఉండగానే, ముందు రాసినవాళ్లకు సరైన జవాబులు కనిపిస్తున్నాయా లేదా? రివ్యూ ఆప్షన్లలోకి వెళ్లి, క్విజ్ మూసేశాకే కనిపించేలా టిక్కులు పెట్టుకోండి. గంట సేపు కూర్చుని తయారుచేసిన క్విజ్ ఆ ఒక్క టిక్కు సరిగా లేకపోతే వృథా అవుతుంది.

మార్కుల సంగతి కూడా చెప్పాలి. ఒకే పరీక్షకు 40 మార్కులు పెడితే ఎంత మంచి పిల్లలైనా టెన్షన్‌లో పక్కచూపులు చూస్తారు. అదే వారానికొక చిన్న క్విజ్, రెండేసి మార్కులు, రెండోసారి రాసే అవకాశం ఇస్తే దొంగతనంగా చూడాల్సిన అవసరమే తగ్గుతుంది. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే చదివాక పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది.

కెమెరాలు, పరీక్ష రాసేటప్పుడు కంప్యూటర్‌లో వేరేవేవీ తెరవనివ్వకుండా లాక్ చేసే బ్రౌజర్ల గురించి చాలామంది అడుగుతారు. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ ఉచితం, స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్‌లో తయారైంది, ల్యాబ్‌లో మన కళ్లెదుట రాసే పరీక్షకు బాగా పనికొస్తుంది. ఇంట్లో రాస్తే మాత్రం అది కంప్యూటర్‌ను కట్టేస్తుంది, పక్కనున్న ఫోన్‌ను ఏం చేయలేదు. ఇక గదంతా కెమెరాతో తిప్పి చూపించమనడం నాకు అస్సలు నచ్చదు. 2022లో అమెరికాలోని ఒహాయోలో ఒక ఫెడరల్ కోర్టు, ప్రభుత్వ యూనివర్సిటీ ఒక విద్యార్థి పడకగదిని అలా చూడటం రాజ్యాంగ విరుద్ధమైన సోదా అని తీర్పు చెప్పింది. కోర్టు దాకా ఎందుకు, ఒకే గదిలో నలుగురు ఉండే ఇంట్లోంచి పరీక్ష రాసే పిల్లవాడి ఇబ్బంది మనకు తెలియదా?

ఇప్పుడు వ్యాసాలు, అసైన్‌మెంట్ల దగ్గరికి వద్దాం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇంటికిచ్చిన వ్యాసం ఎవరు రాశారో చెప్పడం కష్టమైపోయింది. వెంటనే "ఇది మెషీన్ రాసింది" అని పట్టిచ్చే టూల్స్ వచ్చాయి. దయచేసి వాటి మాట మీద ఏ పిల్లవాడికీ సున్నా వేయకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటి టూల్ ఒకటి తెచ్చి, కచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జూలైలో తీసేసింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏడు డిటెక్టర్లకు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలు ఇచ్చి చూస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలను మెషీన్ రాసినవిగా చెప్పాయి. అంటే సాదా పదాలతో, చిన్న వాక్యాలతో రాసే పిల్లల మీదే ముందు అనుమానం పడుతుంది! కాపీని వెతికే టర్నిటిన్ టూల్ చూపించే పోలిక శాతం వేరే సంగతి. మరోచోట ఉన్న మాటలతో ఎంత కలిసిందో అది చెబుతుంది, కోట్ చేసిన వాక్యాలు కూడా అందులో పడొచ్చు. ఆ అంకె చూసి ఆగిపోకుండా కాగితం తెరిచి చదవాలి.

నేను వాడేది గూగుల్ డాక్స్‌లోని వెర్షన్ హిస్టరీ, అంటే ఎప్పుడు ఏం రాశారో, ఏం చెరిపారో చూపించే రికార్డు. వ్యాసం అందులోనే రాయమని ముందే చెప్తాను, హిస్టరీ చూస్తానని కూడా చెప్తాను. ఒకసారి తెరిచి చూస్తే ఒకమ్మాయి మొదటి పేరా మూడుసార్లు చెరిపి రాసింది, మధ్యలో ఒక ఉదాహరణ తీసేసి మర్నాడు వేరేది పెట్టింది. ఆ తీసేసినది చూసి నేను రాసిన కామెంట్, పూర్తయిన వ్యాసం చూసి ఎప్పటికీ రాయగలిగేదాన్ని కాను. అదే రోజు ఇంకో అబ్బాయిది తెరిస్తే మొత్తం వ్యాసం ఒక్క నిమిషంలో వచ్చి పడింది. కాపీయే అనుకున్నాను. పిలిచి, "ఎలా రాశావో చెప్పు నాన్నా" అన్నాను. ఫోన్ తీసి నోట్స్ యాప్ చూపించాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు, నాలుగు రోజులు ఫోన్‌లో కొంచెం కొంచెంగా రాసుకుని ల్యాబ్‌కు వచ్చి పేస్ట్ చేశాడట. అడక్కుండా మార్కులు కోసేసి ఉంటే? అందుకే హిస్టరీలో ఏం కనిపించినా అడగడానికే వాడతాను, శిక్ష వేయడానికి కాదు.

అడగడానికి టైమ్ ఎక్కడుంది అంటారు. 60 మంది క్లాసులో మనిషికి మూడు నిమిషాలంటే మూడు గంటలు, అందరితో మాట్లాడలేం, నిజమే. నేను ప్రతి అసైన్‌మెంట్‌కూ చీటీ తీసి పదిమందితో మాట్లాడతాను, ఎవరి పేరు వస్తుందో ఎవరికీ తెలియదు. ఒకే ప్రశ్న అడుగుతాను: "ఇందులో నీకు కష్టమనిపించిన చోటు చూపించు." సొంతంగా రాసినవాళ్లు వెంటనే వేలు పెట్టి చూపిస్తారు.

వచ్చే వారం క్విజ్ పెట్టాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే ల్యాప్‌టాప్ తీసుకుని ముందుకు రండి. ఆ పదమూడో ప్రశ్ననే తీసుకుని క్యాలిక్యులేటెడ్ ప్రశ్నగా మార్చి చూపిస్తాను, పది నిమిషాలు పడుతుంది.