శుక్రవారం రాని వారం

అందరికీ నమస్కారం.

2011 డిసెంబరు 29, గురువారం రాత్రి పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో జనం పడుకున్నారు. తెల్లారేసరికి శనివారం, డిసెంబరు 31. మధ్యలో రావాల్సిన శుక్రవారాన్ని ప్రభుత్వమే చట్టం చేసి ఎత్తేసింది. డిసెంబరు 30న పుట్టినవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి!

ఇదంతా వ్యాపారం కోసం. సమోవా లావాదేవీలు ఎక్కువగా ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లతో. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ, అంటే దాటితే తేదీ ఒక రోజు మారిపోయే ఊహారేఖ. సమోవాలో శుక్రవారం ఆఫీసులు నడుస్తుంటే అక్కడ శనివారం సెలవు. అక్కడ సోమవారం పని మొదలయ్యేసరికి ఇక్కడ ఆదివారం, అందరూ చర్చిలో. వారానికి రెండు పనిదినాలు గాలికి పోయేవి. చివరికి రేఖనే జరిపేశారు. తమాషా ఏమిటంటే, 1892లో అమెరికాతో వర్తకం కోసం ఇదే సమోవా జూలై 4ను రెండు రోజులు గడిపింది. అప్పుడు అదనంగా వాడుకున్న రోజును 119 ఏళ్లకు తిరిగిచ్చేసిందన్నమాట. పక్కనున్న అమెరికన్ సమోవా మాత్రం కదల్లేదు. సమోవాలో కొత్త సంవత్సరం చూసి విమానమెక్కితే, అక్కడ దిగేసరికి మళ్లీ డిసెంబరు 31.

క్యాలెండర్‌లో ఖగోళశాస్త్రం సగమే. తక్కిన సగం బేరసారాలూ, భక్తీ అని నా నమ్మకం. భక్తి మాటకొస్తే, 1582లో ఏకంగా పది రోజులు మాయమయ్యాయి. పాత జూలియన్ లెక్కలో ఏడాదికి 365 రోజుల 6 గంటలు. అసలు ఏడాది అంతకన్నా దాదాపు 11 నిమిషాలు తక్కువ. ఆ పదకొండు నిమిషాలే పోగుపడి 128 ఏళ్లకు ఒక రోజవుతాయి. అలా మార్చి 21న రావాల్సిన వసంత విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు, 11కు జారింది. ఈస్టర్ లెక్క దానిమీదే ఆధారపడింది. దాంతో పోప్ 13వ గ్రెగరీ, అక్టోబరు 4 మర్నాడు 15 అని ప్రకటించాడు. అవీలాకు చెందిన సన్యాసిని తెరెసా స్పెయిన్‌లో సరిగ్గా ఆ రాత్రే కన్నుమూశారు. నాలుగో తేదీ రాత్రి పోయిన ఆమెను ఏటా తలుచుకునేది అక్టోబరు 15న.

అందరూ వెంటనే ఒప్పుకోలేదు. బ్రిటన్ 1752 దాకా, రష్యా 1918 దాకా ఆగాయి. అందుకే రష్యా అక్టోబరు విప్లవం వార్షికోత్సవం నవంబరు 7న వస్తుంది. రష్యన్ చర్చి ఇప్పటికీ పాత లెక్కే పట్టుకుని క్రిస్మస్‌ను జనవరి 7న చేస్తోంది. అదే పట్టు మీదుంటే 2101 నుంచి జనవరి 8న చేయాలి.

ఇక చంద్రుడు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే. ఇస్లామిక్ క్యాలెండర్ ఆ తేడాను సరిచేయదు. కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తూ, 33 ఏళ్లలో ఋతువులన్నీ చుట్టేస్తుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఇంకోసారి మొదలవుతుంది. యూదులు, చైనీయులు, హిందువులు మాత్రం అధికమాసం వేసి సర్దుకుంటారు. 19 ఏళ్లకు ఏడు అధికమాసాలు వేస్తే సూర్యచంద్రుల లెక్క దాదాపు కుదురుతుంది.

ఇథియోపియాది వేరే దారి. ఏడాదికి పదమూడు నెలలు, చివరిదానికి ఐదారు రోజులే. వాళ్ల 2000వ సంవత్సరం మన 2007 సెప్టెంబరు 12న మొదలైంది. గడియారం లెక్క కూడా సూర్యోదయం నుంచే. ఎవరైనా రెండు గంటలకు రమ్మంటే, ఎవరి రెండు గంటలో ముందే అడగండి. వాళ్ల రెండంటే మన లెక్కలో పొద్దున్న ఎనిమిది. తీరిగ్గా భోంచేసి బయల్దేరితే ఆ మనిషి దొరకడు.