గోదావరిలో ఎన్ని మాటలు

శ్రోతలకు నమస్కారం.

ఒక కాగితం, ఒక పెన్ను దగ్గర పెట్టుకోండి. లేకపోతే చేతివేళ్లున్నాయి, అవి చాలు. ఇవాళ నేను ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఆ మాట గోదావరి.

సంక్రాంతి సెలవులకి మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. ఓ రాత్రి కరెంటు పోతే అరుగు మీద కూర్చున్నాం. "తాతయ్యా, మా స్కూల్లో ఒక పెద్ద ఇంగ్లీషు మాట ఇచ్చి, అందులోని అక్షరాలతో చిన్న చిన్న మాటలు రాయమంటారు. తెలుగులో అలా అవదు కదా?" అంది. అవదు కదా అన్న ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకవదమ్మా అని, నాలుగు కాగితం ముక్కలు చింపి లాంతరు పక్కన పరిచాను. గో. దా. వ. రి.

ముందు వరి అంది. తర్వాత దారి అంది. ధనుర్మాసం కదా, గుళ్లో గోదాదేవి తిరుప్పావై విని వచ్చింది, గోదా అంది. అక్కడ ఆగిపోయింది. "మూడే తాతయ్యా."

అప్పుడు తట్టింది నాకు. ఇంగ్లీషులో హల్లూ అచ్చూ విడివిడిగా నిలబడతాయి. మనకి హల్లు ఒంటరిగా రాదు, అచ్చుని వెంటబెట్టుకుని వస్తుంది. రి అంటే ర, దాని మీద గుడి. ఆ గుడి తీసేద్దాం, దీర్ఘం తీసేద్దాం, ఓత్వం తీసేద్దాం అన్నాను. మిగిలినవి గ, ద, వ, ర. ఒక్కో హల్లు ఒక్కసారే వాడాలి. గుణింతం మాత్రం మన ఇష్టం.

గట్టు తెగినట్టు వచ్చాయండీ మాటలు! రేవు. దరి. వాగు. దీవి. రావి. గోవు. పాపికొండల వైపు నుంచి తెప్పలుగా కట్టి దింపే వెదురు. వెదురు కూడా ఉంది గోదావరిలో! లంక రాలేదు, ల లేదు కాబట్టి. పడవా రాలేదని పిల్ల చాలా బాధపడింది. నేను గాదె అంటే దానికి తెలియలేదు. ధాన్యం పోసుకునే గాదె ఎంత ఎత్తుండేదో, చిన్నప్పుడు మేం అందులోకి ఎలా దిగేవాళ్లమో చెప్పాల్సి వచ్చింది. గరువు అన్నాను, మెరక నేల అని చెప్పాను. ఒక మాట దొరికితే దాని వెనక ఒక కథ చెప్పాలి, అందుకే ఈ ఆట నాకింత నచ్చింది.

తర్వాత అది మెల్లగా "వరద" అంది. వ, ర, ద. ఎన్నేళ్లుగా ఈ ఏటి పక్కన బతుకుతున్నాను, దీని పేరులోనే వరద ఉందని నాకెప్పుడూ తోచలేదు. 1986 ఆగస్టు గుర్తొచ్చింది. ఈ అరుగు మునిగి, బియ్యం బస్తాలు అటక మీదికెక్కించి, రాత్రంతా లాంతరు పట్టుకుని నీటిమట్టం చూస్తూ కూర్చున్నాం. అదీ చెప్పాను. పిల్ల అరుగుని చేత్తో తడిమి చూసింది.

అయితే ఒక్క సంగతి. దొరికిన మాట వేరు, పుట్టిన మాట వేరు. "వరి పండుతుంది కాబట్టి గోదావరి అన్నారా తాతయ్యా?" అని అడిగింది. కాదమ్మా. పేరు సంస్కృతం. గో అంటే ఆవు, నేల, నీరు, ఇంకా చాలా అర్థాలున్నాయి. దా అంటే ఇచ్చేది. చివరి వరికి శ్రేష్ఠమైనదని పండితులు అర్థం చెబుతారు. మన అన్నం వరి కాదది. కానీ కథలో మాత్రం వరి ఉంది! కరువులో గౌతమ మహర్షి పండించిన వరిచేలో ఆవు పడింది. ఆయన దర్భతో అదిలిస్తే అది ప్రాణం విడిచింది. ఆ పాపం పోవడానికి శివుడి కోసం తపస్సు చేసి గంగని దింపాడు. అందుకే గోదావరికి గౌతమి అని కూడా పేరు. కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి వెళ్లినవాళ్లకి ఈ కథ తెలిసే ఉంటుంది.

అక్షరాలు కలిపి ఆడటం మనకి కొత్త కాదు. అవధానంలో వ్యస్తాక్షరి అని ఉంది. ఒక వాక్యంలోని అక్షరాలని వరస తప్పించి ఒక్కొక్కటిగా అందిస్తారు, అవధాని మనసులోనే పేర్చుకుని చివర్న అప్పజెబుతాడు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు ఎన్నో అవధానాలు చేశారు. మనం నాలుగు హల్లులతో మొదలెడదాం.

ఇంట్లో పిల్లలుంటే ఇవాళే ఆడించండి. గుణింతం వదిలేయండి, హల్లు పట్టుకోండి. మళ్లీ చెబుతున్నాను: గుణింతం వదిలేయండి, హల్లు పట్టుకోండి. ఒక హల్లు కింద అదే హల్లు ఒత్తు వద్దు, రెండుసార్లు వాడినట్టవుతుంది. గువ్వ కోసం మా ఇంట్లో పెద్ద తగువే అయింది.

నాలుగు హల్లులూ వాడే ఇంకో మాట మాత్రం ఆ రాత్రి మాకు దొరకలేదు. రెండు రోజుల తర్వాత దాన్ని నరసాపురంలో రైలెక్కించడానికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం. వశిష్ఠ పాయ దాటి అవతలి ఒడ్డు తగిలింది. పంటు మీది కుర్రాడు తాడు విసురుతూ కేకేశాడు: "దిగేవారు ముందుకి రండి!"

పిల్ల కదల్లేదు. సంచీ కింద పెట్టి వేళ్లు మడుస్తోంది. ద. గ. వ. ర.

"తాతయ్యా, దిగేవారు!"



నమస్కారం.