ఇన్‌హేలర్ వాడుతున్నా ఆయాసం తగ్గట్లేదా? పీల్చే పద్ధతి ఒకసారి చూడండి

నమస్కారం అండీ. నేను ఛాతీ జబ్బుల విభాగంలో నర్సుని. మా ఓపీకి వచ్చేవాళ్లు చాలామంది ఒకటే మాట అంటారు, "రోజూ పంపు కొడుతూనే ఉన్నానమ్మా, తగ్గట్లేదు, మందు మార్చండి" అని. ఏదీ, ఒకసారి నా ముందు పీల్చండి అంటాను. అప్పుడు తెలిసిపోతుంది. మందు గొంతు దగ్గరే ఆగిపోతోంది.

ఇదిగో, ఇది నొక్కితే పఫ్ వచ్చే రకం. మూత తీయండి. లోపల ఏమీ ఇరుక్కోలేదు కదా, చూసుకోండి. బాగా ఊపండి, ఇలా. కొత్తదైతే ముందు గాల్లోకి కొట్టాలి, ఎన్నిసార్లనేది పెట్టెలో ఉన్న కాగితంలో ఉంటుంది. నిటారుగా కూర్చోండి. ఊపిరి మొత్తం బయటికి వదలండి. పంపులోకి కాదు, పక్కకి. పళ్ల మధ్య పెట్టుకోండి, పెదాలు మూసేయండి. సరే.

ఇప్పుడు ఇక్కడ ఆగండి. అసలు సంగతి ఇదే. మా అమ్మమ్మకి ఉబ్బసం. నేను అప్పుడు నర్సింగ్ చదువుతున్నాను. పక్కన కూర్చుని "గట్టిగా లాగు అమ్మమ్మా, ఒక్కసారిగా లాగు" అని నేనే చెప్పేదాన్ని. రాత్రయితే మళ్లీ పిల్లికూతలే. ఆ మాట రోటాహేలర్‌కి, అంటే క్యాప్సూల్ వేసి పీల్చే రకానికి చెప్పాల్సింది. అందులో పొడి ఉంటుంది కాబట్టి వేగంగా, గట్టిగా లాగాలి. అన్నట్టు, ఆ క్యాప్సూల్ మింగేది కాదు. ఈ పఫ్ పంపుకి మాత్రం నెమ్మదిగా పీల్చాలి. నెమ్మదిగా.

ఎందుకంటే, స్పీడుగా వచ్చిన బండి మలుపులో తిరగలేక రోడ్డు దిగిపోతుంది చూడండి, అలాగే వేగంగా లాగితే మందు గొంతు వెనక గోడకి కొట్టుకుని అక్కడే అతుక్కుంటుంది. నెమ్మదిగా లాగితే మలుపు తిరిగి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

మళ్లీ చూడండి. పీల్చడం మొదలుపెట్టాను... ఇప్పుడు నొక్కాను, ఒక్కసారే... పీలుస్తూనే ఉన్నాను, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. పంపు తీసేసి నోరు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి. పది వరకు ఆగలేకపోతే ఆగగలిగినంత ఆగండి. నోట్లోంచో ముక్కులోంచో పొగలా బయటికి వచ్చిందా? అయితే ఆ మేరకు మందు బయటికి పోయినట్టే.

రెండో పఫ్ రాసి ఉంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ ఇదంతా.

నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరట్లేదా? టెన్షన్ పడకండి, స్పేసర్ కొనుక్కోండి. పంపుకి తగిలించుకునే గొట్టం ఇది. నన్నడిగితే పెద్దవాళ్లకి, పిల్లలకి ఇదే మేలు. ఇందులోకి ఒక పఫ్ కొట్టి, నెమ్మదిగా నాలుగైదు సార్లు ఊపిరి తీసి వదిలినా చాలు. రెండు పఫ్‌లు కలిపి కొట్టకండి. వారానికోసారి సబ్బు నీళ్లలో కడగండి, గుడ్డతో మాత్రం తుడవకండి. తుడిస్తే మందు ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. అలాగే ఆరనివ్వండి.

స్టెరాయిడ్ ఉన్న పంపు అయితే తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నోట్లో తెల్లగా పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. మా అమ్మమ్మ పళ్లు తోముకునే ముందు పీల్చేది, ఇక మర్చిపోయే పనే లేదు. మీరూ అలా పెట్టుకోండి.

ఒక్క మాట. రిలీవర్, అంటే ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గడానికి వాడే పంపు, వాడినా ఆయాసం తగ్గకపోయినా, ఒక వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోయినా ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈసారి ఓపీకి వెళ్లేటప్పుడు మీ పంపు వెంట తీసుకెళ్లండి. చీటీ రాయించుకునే ముందు డాక్టరు ఎదుట ఒక పఫ్ పీల్చి చూపించండి.